రేగాకు నీళ్ల వెనకున్న పేరు: తొలి ఇస్లాంలో స్త్రీల మాట ఎలా నిలిచింది

తెలుగు ఊళ్లలో ముస్లింల ఇంట చావు జరిగితే జనాజా (శవయాత్ర) లేచే ముందు గుస్ల్, అంటే శవస్నానం, ఇస్తారు. రేగాకు వేసి కాచిన నీళ్లు పోస్తారు, ఆఖరుసారి పోసే నీళ్లలో కర్పూరం కలుపుతారు. కుడి పక్క నుంచి మొదలుపెడతారు. లెక్క బేసి ఉండాలి: మూడుసార్లు, చాలకపోతే ఐదు. చనిపోయింది స్త్రీ అయితే స్త్రీలే కడుగుతారు. ఈ క్రమం ఎక్కడిదని అడిగితే ‘సున్నత్’, అంటే ముహమ్మద్ ప్రవక్త చూపిన పద్ధతి, అంటారు. నిజమే. అయితే ఆ సున్నత్‌ను స్వయంగా చేసి, తర్వాతి తరానికి అప్పజెప్పిన మనిషికి ఒక పేరుంది. ఆమె ఉమ్మె అతియ్యా, మదీనాలో ప్రవక్తకు ఆశ్రయమిచ్చిన అన్సారీలకు చెందిన స్త్రీ.

ముహమ్మద్ ప్రవక్త కుమార్తె జైనబ్ హిజ్రీ 8వ ఏట (సుమారు 629–30లో) చనిపోయారు. ఆమెను కడిగిన స్త్రీలలో ఉమ్మె అతియ్యా ఒకరు. ప్రవక్త అప్పుడు చెప్పింది ఆమె నోటనే హదీసు (ప్రవక్త మాటల, చేతల గురించిన కథనం) గ్రంథాలకెక్కింది: మూడుసార్లు, ఐదుసార్లు, అవసరమని మీకు తోస్తే అంతకన్నా ఎక్కువసార్లు, నీళ్లతో, రేగాకుతో కడగండి, ఆఖరున కర్పూరం వేయండి, అయిపోయాక నాకు కబురు చేయండి. కబురందాక ఆయన తన నడుముకున్న వస్త్రం ఇచ్చి, దీన్ని ఆమె ఒంటికి ఆనేలా చుట్టమన్నారు. అరబ్బులు సిద్ర్ అనే చెట్టు మన రేగు జాతిదే కాబట్టి ఆకు దాదాపు మారకుండానే ఇక్కడిదాకా వచ్చింది.

ఉమ్మె అతియ్యా తర్వాత ఇరాక్‌లోని బస్రాలో స్థిరపడ్డారు. శవానికి స్నానం ఎలా చేయించాలో అక్కడి పండితులు ఆమె దగ్గరే నేర్చుకున్నారు. వాళ్లలో ఇద్దరు తోబుట్టువులున్నారు: ముహమ్మద్ ఇబ్న్ సీరీన్, హఫ్సా బింత్ సీరీన్. ఇద్దరి దగ్గరా ఈ హదీసు విన్న అయ్యూబ్ అనే పండితుడు ఏ మాట ఎవరి దగ్గర విన్నాడో విడదీసి చెప్పాడు. లెక్క బేసిగా ఉండాలన్నది, ఏడుసార్ల దాకా వెళ్లవచ్చన్నది, కుడి పక్కతో, వుజూలో (నమాజు ముందు చేసే శుద్ధిలో) కడిగే అవయవాలతో మొదలుపెట్టాలన్నది, జైనబ్ జుట్టు దువ్వి మూడు పాయలుగా అల్లామన్నది హఫ్సా చెప్పిన పాఠంలోనివి. ఆమె వాటిని గుర్తుపెట్టుకోకపోతే ఆ వివరాలు మనకు వేరే దారిన చేరేవో లేదో.

జుట్టు సంగతి అక్కడితో ఆగలేదు. ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో షాఫియీలు, హంబలీలు ఆ మూడు పాయల మాటనే పట్టుకున్నారు. మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ పద్ధతిలో రెండు పాయలు చేసి ఎదమీద వేస్తారు. ఉమ్మె అతియ్యా చేసిన పని ఆమె సొంత నిర్ణయమా, ప్రవక్త చెప్పగా చేసిందా అన్నది పండితుల చర్చ.

‘ఇస్లాం వ్యాప్తిలో స్త్రీల పాత్ర’ అనగానే ప్రవక్త భార్య ఖదీజా త్యాగం, తొలి అమరురాలు సుమయ్యా బలిదానం, ఉహుద్ యుద్ధంలో నుసైబా కత్తి గుర్తుచేసి ఊరుకోవడం మామూలైపోయింది. అవి చెప్పుకోదగ్గవే. కానీ ఆ ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉన్నాయి: మనుషుల్ని మతంలోకి తేవడం, విన్నదాన్ని చెడకుండా అందించడం, విన్నదానికి అర్థం తేల్చడం. ఈ మూడింటిలో స్త్రీలకు దక్కిన చోటు ఒకేలా లేదు. మొదటిదాన్ని అందరూ పొగుడుతారు, రెండోదాన్ని ఒప్పుకుంటారు. పేచీ వచ్చిందల్లా మూడోదాని దగ్గరే. అసలు చూడాల్సిందీ దాన్నే అని నా అభిప్రాయం.

మొదటిది క్లుప్తంగా. 610లో తొలి వహీ (దైవవాణి) తర్వాత వణుకుతూ ఇల్లు చేరిన భర్తను నమ్మిన మొదటి మనిషి ఖదీజా. వ్యాపారంలో ఆమె సంపాదించిన ఆస్తి, 619లో చనిపోయేదాకా ఆమె అండ ఆ చిన్న సమూహాన్ని నిలబెట్టాయి. 622లో మక్కా పక్కనున్న అఖబా దగ్గర రాత్రిపూట మదీనావాసులు చేసిన రెండో బైఅత్‌లో (విధేయతా ప్రమాణంలో) 73 మంది పురుషులు, ఇద్దరు స్త్రీలు ఉన్నారని చరిత్రకారుడు ఇబ్న్ ఇస్‌హాఖ్ రాశాడు. నుసైబా బింత్ కఅబ్, అస్మా బింత్ అమ్ర్ ఆ ఇద్దరు. మదీనాలో ఉమ్మె సులైమ్‌ను అబూ తల్హా పెళ్లాడతానంటే, నువ్వు ఇస్లాం స్వీకరించు, అదే నా మహర్ (వరుడు వధువుకిచ్చే కానుక), ఇంకేమీ అడగను అన్నారామె. పదేళ్ల కొడుకు అనస్‌ను ప్రవక్త సేవకు అప్పగించిందీ ఆ తల్లే. ఆ పిల్లవాడు పెద్దయి రెండు వేలకు పైగా హదీసులు చెప్పాడు. ఒక తల్లి నిర్ణయం ఎంత దూరం పారిందో ఆ అంకె చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ కథనాలు రాతకెక్కింది సంఘటనలు జరిగిన వందేళ్లకూ రెండు వందల ఏళ్లకూ. ఇబ్న్ ఇస్‌హాఖ్ చనిపోయింది 767లో. 600 మందికి పైగా స్త్రీల వివరాలతో ఒక సంపుటం కూర్చిన ఇబ్న్ సఅద్ చనిపోయింది 845లో. అందుకే ప్రతి కథనం దగ్గరా ‘ఇది ఎవరు చెప్పారు?’ అని అడగాలి. అలా అడిగినప్పుడే రెండో పని కంటబడుతుంది.

మక్కాలో హింస భరించలేక అబిసీనియాకు (నేటి ఇథియోపియా ప్రాంతానికి) వలసపోయిన ముస్లింలను అక్కడి రాజు నజాషీ తన కొలువుకు పిలిపించాడు. వాళ్ల తరఫున జాఫర్ లేచి మాట్లాడాడు, ఖురాన్‌లోని మర్యమ్ సూరా (అధ్యాయం) చదివాడు. ముస్లిం ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన ఘట్టం ఇది. ఇబ్న్ ఇస్‌హాఖ్ దీన్ని ఎవరి మాటగా ఇచ్చాడు? ఆ వలసలో ఉన్న, తర్వాత ప్రవక్త భార్య అయిన ఉమ్మె సలమా మాటగా. ఘట్టంలో ప్రసంగం పురుషుడిది, దాన్ని మనదాకా తెచ్చిన కథనం స్త్రీది. మనకు జాఫరే గుర్తుంటాడు.

అలాంటిదే మరొకటి. అబిసీనియా నుంచి 628లో తిరిగొచ్చిన అస్మా బింత్ ఉమైస్‌తో, తర్వాత ఖలీఫా (ముస్లింల పాలకుడు) అయిన ఉమర్, మేం మీకన్నా ముందే మదీనాకు హిజ్రత్ (వలస) చేశాం, ప్రవక్త మీద హక్కు మాదే ఎక్కువ అన్నారు. ఆమెకు కోపం వచ్చింది. మీరు ఆయన పక్కనే ఉన్నారు, ఆకలేస్తే ఆయన పెట్టారు. మేం దూరదేశంలో, పరాయివాళ్ల మధ్య ఉన్నాం అని చెప్పి, నేరుగా ప్రవక్త దగ్గరికి వెళ్లి అడిగారు. వాళ్లది ఒక హిజ్రత్, ఓడలో వచ్చిన మీకు రెండు హిజ్రత్‌లు అని జవాబొచ్చింది. ఆ తర్వాత ఓడలో వచ్చినవాళ్లు గుంపులు గుంపులుగా ఆమె దగ్గరికొచ్చి ఆ మాట చెప్పించుకుని వినేవాళ్లు. వాళ్లలో ఒకడైన అబూ మూసా అయితే మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. హదీసు పుట్టి పాకే తీరు ఇదే. ఒకరు అడుగుతారు, జవాబు వింటారు, అది అవసరమైనవాళ్లు వెతుక్కుంటూ వస్తారు.

హదీసుకు రెండు భాగాలు. ‘ఫలానావారు ఫలానావారి దగ్గర విన్నారు’ అంటూ పేర్ల గొలుసులా వచ్చేది సనద్. ఆ గొలుసు చివర వేలాడే అసలు మాట మతన్. గొలుసులో ఒక్క కడియం బలహీనమైనా మాట విలువ పడిపోతుంది. అందుకే చెప్పినవాడి జ్ఞాపకశక్తి, నిజాయితీ, ఎవరిని ఎప్పుడు కలిశాడు అన్నవి పండితులు పట్టి పట్టి చూశారు. చాలామంది పొరబడేది ఇక్కడే. కొన్ని వ్యవహారాల సాక్ష్యంలో ఒక పురుషుడికి బదులు ఇద్దరు స్త్రీలు కావాలన్న నియమాన్ని తెచ్చి హదీసుకు అంటగడతారు. ధర్మశాస్త్రంలో సాక్ష్యం వేరు, ఉల్లేఖనం (హదీసు చెప్పి అందించడం) వేరు. ఉల్లేఖనంలో నమ్మదగిన ఒక్క స్త్రీ మాట, నమ్మదగిన ఒక్క పురుషుడి మాట తూకంలో సమానం. ఉల్లేఖకుల లోపాలు ఏరడమే పనిగా పెట్టుకున్న 14వ శతాబ్దపు పండితుడు జహబీ, అబద్ధమాడిందన్న నింద పడ్డ స్త్రీ ఒక్కరూ తనకు తెలియదని రాశాడు.

అంకెల్లో చూస్తే ప్రవక్త భార్య ఆయిషా పేరు మీద 2,210 ఉల్లేఖనాలు, ఉమ్మె సలమా పేరు మీద 378 లెక్కకొస్తాయి. ఒకే మాట వేర్వేరు సనద్‌లతో వస్తే విడివిడిగా లెక్కపెట్టే పద్ధతి కాబట్టి ఇన్ని వేర్వేరు విషయాలని అనుకోకూడదు. అయినా అనుచరులందరిలో ఎక్కువ హదీసులు చెప్పిన కొద్దిమందిలో ఆయిషా ఒకరు. ప్రవక్త 632లో చనిపోయాక ఆమె 678 దాకా, 46 ఏళ్లు, మదీనాలో అడిగినవాళ్లకు చెబుతూ బతికారు. ఇంటి లోపల ఆయన ఎలా కడుక్కున్నారు, ఎలా నమాజు చేశారు, ఉపవాసం రోజు ఎలా ఉన్నారు అన్నది బయటివాళ్లు చూసేది కాదు. మీ ఇళ్లలో చదివి వినిపించే దైవవాక్యాలను, వివేకాన్ని గుర్తుంచుకోండని ఖురాన్ 33వ సూరా 34వ ఆయత్ (వాక్యం) ప్రవక్త భార్యలకే చెప్పింది.

ఖురాన్ ప్రతి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తొలి ఖలీఫా అబూ బక్ర్ కాలంలో జైద్ ఇబ్న్ సాబిత్ కూర్చిన ప్రతి అబూ బక్ర్ తర్వాత ఉమర్‌కు, ఉమర్ తర్వాత ఆయన కుమార్తె, ప్రవక్త భార్య హఫ్సాకు చేరింది. చదువు వచ్చిన మనిషి ఆమె. ఆమెకు రాయడం నేర్పింది అష్‌షిఫా బింత్ అబ్దుల్లా. 650 ప్రాంతంలో ఉస్మాన్ ఖలీఫాగా దేశదేశాలకు ఒకే పాఠం పంపాలనుకున్నప్పుడు హఫ్సా దగ్గరున్న ఆ ప్రతినే అడిగి తెచ్చుకుని, నకళ్లు తీయించి, తిరిగి ఆమెకే పంపారు. అది ఆమె చనిపోయేదాకా ఆమె దగ్గరే ఉంది.

ఇక మూడో పని. దీన్ని ఒక జడతో చూపించవచ్చు. విధిగా చేయాల్సిన స్నానంలో నీళ్లు తలమీది చర్మానికి తగలాలి. అందుకని స్నానం చేసేటప్పుడు స్త్రీలు జడలు విప్పుకోవాలని అబ్దుల్లా ఇబ్న్ అమ్ర్ ఆదేశిస్తున్నాడని ఆయిషా విన్నారు. అబ్దుల్లా సామాన్యుడు కాదు, ప్రవక్త మాటలు రాసి పెట్టుకున్న అనుచరుడు. ఆమె జవాబు: ‘విప్పుకోమనడమెందుకు, గుండు చేయించుకోమనకపోయాడా! నేనూ ప్రవక్తా ఒకే పాత్రలో నీళ్లతో స్నానం చేసేవాళ్లం. నేను తలమీద మూడుసార్లు పోసుకోవడం తప్ప ఇంకేం చేసేదాన్ని కాదు.’ ఉమ్మె సలమా కూడా తన గట్టి జడ గురించి ప్రవక్తను అడిగి, మూడు దోసిళ్లు చాలన్న జవాబు తెచ్చారు. నీళ్లు మోసుకు తెచ్చుకునే ఊళ్లో, నూనె రాసి బిగించి అల్లిన జడను ప్రతిసారీ విప్పి అల్లుకోవడమంటే ఏమిటో ఆడవాళ్లకే తెలుస్తుంది. ఆయిషా ఇక్కడ ఒక కొత్త మాటను గొలుసుకు తగిలించి ఊరుకోలేదు. అబ్దుల్లా ఆదేశం తప్పని తేల్చారు.

ఆమె ఇలా సరిదిద్దినవి చాలా ఉన్నాయి. ఇంట్లోవాళ్లు ఏడిస్తే చనిపోయినవాడికి శిక్ష పడుతుందన్న ఉల్లేఖనాన్ని, ఒకరి భారం మరొకరు మోయరన్న ఖురాన్ వాక్యం ముందుపెట్టి నిరాకరించారు. నమాజు చేసేవాడి ముందునుంచి కుక్క, గాడిద, స్త్రీ వెళితే నమాజు చెడుతుందని ఎవరో అంటే, మమ్మల్ని కుక్కలతో గాడిదలతో సమానం చేశారా అని అడిగి, ప్రవక్త రాత్రి నమాజు చేస్తుంటే తాను ఎదుట పడుకునే ఉండేదాన్ననీ, సజ్దాకు (నుదురు నేలకు ఆన్చడానికి) చోటు చాలక ఆయన తట్టితే కాళ్లు ముడుచుకునేదాన్ననీ చెప్పారు. ఇలాంటి దిద్దుబాట్లన్నిటినీ 14వ శతాబ్దంలో జర్కషీ అనే పండితుడు ఒక ప్రత్యేక గ్రంథంగా కూర్చాడు. అయితే 656లో ఖలీఫా అలీ పక్షంతో జరిగిన ఒంటె యుద్ధంలో ఆయిషా పక్షం ఓడిపోయింది. స్త్రీలు రాజ్యవ్యవహారాలకు తగరనేవాళ్లు తర్వాత ఆ ఓటమినే ఎత్తిచూపారు. ఆమె చెప్పిన హదీసుల విలువను మాత్రం సున్నీ సంప్రదాయంలో ఎవరూ తగ్గించలేదు.

అర్థం తేల్చే పని అన్నిసార్లూ సాగలేదు. ఇద్దత్ (భర్త చనిపోయాక గానీ తలాఖ్ అయ్యాక గానీ స్త్రీ ఆగాల్సిన గడువు) మీద వచ్చిన రెండు కేసులు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది.

ఫురైఆ బింత్ మాలిక్ భర్త, పారిపోయిన బానిసల్ని వెతుకుతూ వెళ్లి వాళ్ల చేతుల్లోనే చనిపోయాడు. పుట్టింటికి పోవచ్చా అని ఆమె ప్రవక్తను అడిగారు. ముందు సరేనని, మళ్లీ వెనక్కి పిలిచి, గడువు తీరేదాకా ఆ ఇంట్లోనే ఉండమన్నారు. నాలుగు నెలల పది రోజులు ఆమె అక్కడే ఉన్నారు. తర్వాతెప్పుడో ఉస్మాన్ ఖలీఫాగా ఉండగా అలాంటి తగవు వస్తే ఆమెకు కబురుపెట్టి, అడిగి, ఆమె చెప్పినట్టే తీర్పిచ్చారు. ఒక్క స్త్రీ మాట అలా చట్టమైంది.

ఫాతిమా బింత్ ఖైస్‌ది వేరే సంగతి. భర్త మూడో తలాఖ్ కూడా ఇచ్చేశాక, నీకు భరణం గానీ ఉండటానికి ఇల్లు గానీ ఇవ్వాల్సిన పని అతనికి లేదని ప్రవక్త తనతో అన్నారని ఆమె చెప్పారు. ఉమర్ ఒప్పుకోలేదు. ఆమెకు గుర్తుందో మరిచిందో తెలియని ఒక స్త్రీ మాట కోసం దైవగ్రంథాన్నీ ప్రవక్త సున్నత్‌నూ వదులుకోబోమన్నారు. ఆయిషా కూడా ఆమెను తప్పుపట్టారు. తరం గడిచాక ఇరాక్‌లోని కూఫా మసీదులో షఅబీ అనే పండితుడు ఈ హదీసు చెబుతుంటే, పక్కనున్న అస్వద్ గుప్పెడు గులకరాళ్లు తీసి అతని మీదికి విసిరి, ఇలాంటివి చెబుతావా అని ఉమర్ మాట గుర్తుచేశాడు. మదీనా పాలకుడు మర్వాన్ మనిషిని పంపి ఆమెనే అడిగించి, ఇది ఒక స్త్రీ తప్ప ఇంకెవరూ చెప్పగా వినలేదు, జనం నడిచే బాటలోనే నడుస్తామన్నాడు. అది విని ఆమె వెనక్కి తగ్గలేదు. ‘మీకూ నాకూ మధ్య ఖురాన్ ఉంది’ అని తలాఖ్ సూరా మొదటి ఆయత్ ఎత్తిచూపారు. ఇంట్లోనే ఉంచమన్నది మళ్లీ కలిసే వీలున్న భార్య గురించి, మూడు తలాఖ్‌లూ అయిపోయాక ఇక కొత్తగా జరిగేదేముంది అని వాదించారు.

ఉమర్ ఫాతిమా మాట కాదన్నది ఆమె స్త్రీ అయినందుకేనా? ఉమర్ అన్న మాటల్లో ఆ ఛాయ ఉంది, దాన్ని దాచలేం. కానీ ఫురైఆ మాట అప్పటి ఖురాన్ అవగాహనతో కలిసిపోయింది, ఫాతిమా మాట ఢీకొట్టింది. ఢీకొట్టినప్పుడు ఎవరి అర్థం నెగ్గాలన్న ప్రశ్న వచ్చింది, అప్పుడే ఆమె స్త్రీ అన్న సంగతి గుర్తొచ్చింది. అలాగని ఆమె మాట చెరిగిపోలేదు. సహీహ్ ముస్లిం అనే హదీసు గ్రంథంలో ఆమె హదీసూ ఉంది, ఉమర్ నిరాకరణా ఉంది. హంబలీల మూలపురుషుడు అహ్మద్ ఇబ్న్ హంబల్ ఆమె మాటనే తీసుకున్నారు, హనఫీలు ఉమర్ వైపు నిలిచి భరణం, ఇల్లు రెండూ ఇవ్వాలన్నారు. ఈ కేసులో స్త్రీ మాట నెగ్గితే స్త్రీలకు దక్కేది తగ్గుతుందన్నది కూడా గమనించాలి.

తర్వాతి తరంలో ఈ పనిని నిలబెట్టినవాళ్లలో అందరికన్నా గట్టి మనిషి అమ్రా బింత్ అబ్దుర్‌రహ్మాన్. ఆయిషా దగ్గర పెరిగి, ఆమె విద్యంతా ఒంటబట్టించుకున్నారు. ఆమె సోదరి కొడుకు అబూ బక్ర్ ఇబ్న్ ముహమ్మద్ మదీనా న్యాయాధికారి. ఒక నబతీయుడు (నబతీ జాతివాడు) ఇనప ఉంగరాలు దొంగిలిస్తే, చెయ్యి నరికించేందుకు అతన్ని నిర్బంధించాడు. అమ్రా తన మనిషిని పంపారు. అబూ బక్ర్ అప్పుడు జనం మధ్య కొలువుతీరి ఉన్నాడు. ‘మీ ఖాలా (తల్లి తోబుట్టువు) అమ్రా అడుగుతున్నారు: నాయనా, ఏదో కొద్దిపాటి వస్తువుకు ఒకణ్ని పట్టుకున్నావట, చెయ్యి నరకాలనుకున్నావా?’ అవునన్నాడు. ‘పావు దీనారుకు తక్కువైతే నరకకూడదని చెప్పమన్నారు.’ దీనారు అంటే సుమారు నాలుగుంపావు గ్రాముల బంగారం, పావు దీనారంటే గ్రాముకు కాస్త పైన. ఇనప ఉంగరాలు ఆ విలువకు రావు. నబతీయుణ్ని వదిలేశాడు. ఇమామ్ మాలిక్ తన హదీసు గ్రంథం ముఅత్తాలో ఇది నమోదు చేశారు. ఆ పావు దీనారు లెక్క అమ్రా ఆయిషా దగ్గర విన్నది.

717 నుంచి 720 దాకా ఖలీఫాగా ఉన్న ఉమర్ ఇబ్న్ అబ్దుల్ అజీజ్, విద్య అంతరించిపోతుందన్న భయంతో హదీసులు రాసిపెట్టమని ఈ అబూ బక్ర్‌కే ఉత్తరం రాశారు. అందులో అమ్రా దగ్గరున్న హదీసులను పేరెత్తి మరీ రాయమన్నారు. దమాస్కస్‌లో అదే తరానికి చెందిన చిన్న ఉమ్ముద్‌దర్దా (అదే పేరున్న పెద్దామె నుంచి వేరుచేయడానికి ‘చిన్న’ అంటారు) నమాజులో పురుషులు కూర్చున్నట్టే కూర్చునేవారని చెప్పి, ‘ఆమె ఫఖీహా’, అంటే ధర్మశాస్త్రం తెలిసిన మనిషి, అని సహీహ్ బుఖారీ అనే హదీసు గ్రంథం కూర్చిన బుఖారీ ఒక్క మాట చేర్చారు. కూర్చోవడంలో కూడా ఆమె పద్ధతి ప్రమాణమైందన్నమాట.

ఆ తర్వాత సనద్‌లలో స్త్రీల పేర్లు పలచబడతాయి. కారణం ఒక్కటి కాదు. హదీసు కోసం ఒక్కో ఊరూ తిరిగి, నెలల తరబడి గురువుల దగ్గర ఉండడం వృత్తిగా మారింది. దగ్గరి బంధువు తోడు లేకుండా స్త్రీకి ఆ ప్రయాణం కుదరదు. ప్రవక్త ఇంటి మనుషులు, వాళ్ల దగ్గర పెరిగినవాళ్లు గతించాక, కళ్లారా చూసినవాళ్లమన్న ఆధారం పోయింది. విన్నది అప్పజెబితే చాలదు, ఫిఖ్‌హ్ (ధర్మశాస్త్ర) చర్చల్లో ఆరితేరి ఉండాలన్న షరతు బిగిసింది. ఆ చర్చలు స్త్రీలకు అందని చోట్ల జరిగేవి.

హదీసులు పెద్ద గ్రంథాలుగా స్థిరపడ్డాక, 10వ శతాబ్దం చివరినుంచి స్త్రీలు మళ్లీ వచ్చారు. ఇప్పుడు కావాల్సింది గ్రంథాన్ని గురువు దగ్గర విని, తప్పులేకుండా అందించడం. గొలుసు ఎంత పొట్టిదైతే అంత విలువ. అందుకే పసిపిల్లల్ని ముసలి గురువుల దగ్గర కూర్చోబెట్టేవాళ్లు. దమాస్కస్‌లో ఆయిషా బింత్ అబ్దుల్ హాదీ ఏడేళ్లు నిండకముందే హజ్జార్ అనే వృద్ధ గురువు దగ్గర సహీహ్ బుఖారీ విన్నారు. ఆయన 1330 ప్రాంతంలో పోయారు, ఆమె 1413 దాకా బతికారు. ఆయన నోట విన్న మనిషి కావాలంటే చివరికి ఆమె దగ్గరికే రావాలి. ఇబ్న్ హజర్ అంతటి హదీసు పండితుడు వచ్చాడు. కానీ ఈ రెండో రాకలో వాళ్లకు దక్కింది అందించే పని. అమ్రాలా ఒక శిక్షను ఆపించే మాట చాలా అరుదు.

అందించడమంటే తక్కువ పనేమీ కాదు. మక్కాలో స్థిరపడిన కరీమా అల్ మర్వజియ్యా, 1070లో చనిపోయారు, సహీహ్ బుఖారీకి తన కాలంలో పేరుమోసిన గురువు. పండితుడు ఖతీబ్ బగ్దాదీ హజ్‌కు వచ్చి ఆమె దగ్గర చదివి వెళ్లాడు. మరో విద్యార్థి వస్తే ఆమె తన ప్రతి తెచ్చి ముందుపెట్టారు. అతను ఎదురుగా కూర్చుని ఏడు ఆకులు రాసుకున్నాడు. మూలంతో పోల్చి సరిచూసుకోవడం తానొక్కడే చేద్దామనుకున్నాడు. ‘కాదు, నాతో కలిసి సరిచూస్తేనే’ అన్నారామె. అతను ఆమెతో కూర్చుని ఆ ఏడు ఆకులూ సరిచూశాడు.